వినపడని ట్రాక్

ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. మా పడగ్గదిలో మంచానికి ఒకవైపు బీరువా, ఇంకోవైపు మా ఆయన స్టూడియో. స్టూడియో అంటే ఒక బల్ల, కంప్యూటరు, రెండు స్పీకర్లు, గోడకు ఆనించిన బేస్ గిటార్. దుప్పటి సగం మడతలో ఉండగా, "ఒకసారి ఇలా వస్తావా? బేస్ చచ్చిపోయింది" అని పిలిచారు. వస్తావా అని అడగడం ఆయన మర్యాద. రానంటే ఏమవుతుందో మా ఇద్దరికీ ఇంతవరకు తెలియదు.

గంటలో దర్శకురాలు వస్తుంది. ఆవిడ తీస్తున్న చిన్న సినిమాకు ఆరు నెలలుగా సంగీతం చేస్తున్నాం. ఈ రోజు చివరి పాట విని, తెర మీద వేసే పేర్ల జాబితా పట్టుకెళుతుంది. ఆ తర్వాత మార్చడం కుదరదని ముందే చెప్పింది. జాబితా నిన్న నేనే టైప్ చేశాను. సంగీతం అన్నచోట ఆయన పేరు. కృతజ్ఞతలు అన్నచోట, టీలు పెట్టిచ్చిన అత్తయ్య పేరు, దాని పక్కన నా పేరు. ఆయన చెబుతూ పోయారు, నేను కొడుతూ పోయాను. ఆఫీసులో పై అధికారి చెప్పే ఉత్తరాలు కూడా ఇలాగే కొడతాను, వాటి కింద సంతకం నాది ఉండదు. అలవాటైన వేళ్లు. నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ కదిలాయి.

ఆయన ప్లే నొక్కారు. నిజమే, బేస్ ముసుగుతన్ని పడుకుని మూలుగుతోంది.

"ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదే! ఆవిడొస్తోందని కాస్త శుభ్రం చేశానంతే." ఈ ఇంట్లో శుభ్రం చెయ్యాలని ఆయనకు బుద్ధి పుట్టేది ఒక్క కంప్యూటరు దగ్గరే. "వినపడని ట్రాక్ ఒకటి ఉత్తినే పడుంది. తీసేశాను. వాడని ఫైళ్లు కూడా మొత్తం చెరిపేశా."

నాకు నవ్వొచ్చింది. ఆ వినపడని ట్రాక్‌లో ఉన్నది నా గొంతు.

ఆయన బేస్ వాయించడంలో దిట్ట, ఒక్క స్వరం తప్పరు. కానీ మొదటినుంచి చివరిదాకా ఒకటే బరువు, స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. పాటంతా ఆ బేస్ ఒక్కటే, అదీ నిద్రపోతున్న బిడ్డ పక్కన తల్లి కూర్చునే దృశ్యానిది. అందుకని ఆ బేస్ మీద నేనొక ఫిల్టర్ పెట్టాను. అది మూసుకుంటే శబ్దంలో పై మెరుపంతా పోయి మసకబారుతుంది, తెరుచుకుంటే నిగనిగలాడుతుంది. దాన్ని చేత్తో తిప్పే పని లేదు. ఏదో ఒక శబ్దాన్ని వినమని చెబితే, అది పెరిగినప్పుడు తెరుచుకుని తగ్గినప్పుడు మూసుకుంటుంది. మామూలుగా అయితే బేస్‌నే వింటుంది. ఈయన బేస్ పెరిగితేగా, తగ్గితేగా! అందుకే నేను మైకు ముందు కూర్చుని కూనిరాగం తీసి, ఫిల్టర్‌ను ఆ రాగానికి అప్పగించాను. నేను గొంతు పెంచితే ఆయన బేస్ విచ్చుకుంటుంది. నేను ఊపిరి తీసుకుంటే ముడుచుకుంటుంది. నా రాగం మాత్రం బయటికి రాదు. మొదటిసారి విన్నప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి, "చూశావా, నా వేళ్లు ఎలా మాట్లాడుతున్నాయో!" అంటూ నన్ను వాటేసుకున్నారు. నాకు సంతోషమేసింది. ఆ మాట తర్వాత రోజంతా గిల్లింది, కానీ సంతోషం అబద్ధం కాదు. "మావాడికి నాలుగు చెవులు. రెండు కోడలి దగ్గర దాచుకున్నాడు" అంటుంది అత్తయ్య. అందరం నవ్వుతాం, నేనూ నవ్వుతాను.

"జరుగు" అన్నాను. మైకు సరిచేసుకుని, కళ్లు మూసుకుని రాగం అందుకున్నాను. ఈయనంటే నాకు ఇష్టం. పెళ్లయిన కొత్తలో వాయిస్తూ నాలుక బయటపెట్టే అలవాటు చూసి పడిపోయాను, ఇప్పటికీ పడుతూనే ఉన్నాను. ఇష్టమున్నచోట అడగకూడదని నాకెవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్పుకున్నాను. అది తలపుకొచ్చి రాగం కొంచెం పెరిగింది, పెరగనిచ్చాను.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో దర్శకురాలు, ఆవిడ వెనక నోటిమీద వేలేసుకుని అత్తయ్య. ముందుగానే వచ్చేసిందట. ఫిల్టర్‌ను కొత్త రాగానికి తగిలించి ప్లే నొక్కాను. బేస్ లేచి కూర్చుంది. ఇదివరకటి కంటే బాగుంది కూడా.

"అబ్బ! ఊపిరి పీలుస్తున్నట్టుందండీ. ఎలా చేశారు?" దర్శకురాలు ఆయన్నే అడిగింది.

ఆయన నా భుజం మీద చెయ్యేశారు. "మా ఆవిడ సాయం లేకపోతే నేను సున్నా అండీ." మనస్ఫూర్తిగానే అన్నారు. అత్తయ్య కళ్లు తుడుచుకుంది. ముగ్గురూ నావైపు ప్రేమగా చూశారు. ఇప్పుడు నేను సిగ్గుపడి, టీ తెస్తానని లేవాలి. ఇన్నేళ్లూ అలాగే లేచాను.

లేవలేదు. "ఒక్క నిమిషం వినండి" అని నా ట్రాక్ ఆపాను. బేస్ మళ్ళీ ముసుగు తన్నింది. ఈసారి నా ట్రాక్‌ను నడవనిచ్చి ఆయనది ఆపాను. స్పీకర్లలో ఏమీ లేదు.

"ఈయన వాయించకపోతే పాటే లేదు. నేను లేకపోతే ఇందాక ఉన్నట్టుంటుంది. దీన్ని సాయం అనరండీ. సంగీతం అన్నచోట రెండు పేర్లుండాలి. జాబితా ఇప్పుడే సరిచేసి ఇస్తాను."

దర్శకురాలు తలూపి మంచం అంచున కూర్చుంది. అత్తయ్య సగం మడతలో ఉన్న దుప్పటి ఒళ్లోకి లాక్కుంది. ఆయన నా భుజం మీది చెయ్యి తీయలేదు కానీ, మొహం మాత్రం ఎర్రబడింది.

"నిన్న టైప్ చేసేటప్పుడే చెప్పొచ్చుగా" అన్నారు మెల్లగా.

"నిన్న నువ్వే అడగొచ్చుగా" అన్నాను, కీబోర్డు నావైపు లాక్కుంటూ.