చెంచాకు అంటుకున్న నిమ్మకాయ

ఆటల పోటీల రోజున మార్వా సీలీకి పిల్లలతో చిక్కేమీ లేదు. చిక్కంతా వాళ్ళను కన్నవాళ్ళతోనే. సాంగ్రే గ్రాండే పట్నం దాటాక ఉన్న ఆ చిన్న బడిలో ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా పాఠాలు చెబుతోంది. అందులో ఇరవై ఏళ్ళుగా పోటీలు ఆమె చేతి మీదుగానే జరుగుతున్నాయి. ఓడిపోయి ఏడ్చిన పిల్లలకు రెండు నిమిషాల్లో సర్దిచెప్పగలదు గానీ, ఓడిపోయిన పిల్లల తల్లిదండ్రులకు సర్దిచెప్పడం ఇప్పటికీ ఆమె వల్ల కావడం లేదు.

ఈ ఏడు ఆ చిక్కు పొద్దున్నే మొదలైంది. కార్నివాల్ ఊరేగింపులు అయిపోయి రెండు వారాలే అయింది కనుక, ఆ వేషాల్లో మిగిలిపోయిన ఈకలన్నీ ఎర్ర జట్టు తల్లులు మోసుకొచ్చి ఆరేళ్ళ పిల్లల వీపులకు కట్టారు. కవాతులో సగం దూరం వచ్చేసరికి గాలి తోలింది. ఒక బుడ్డది ఈకలతో సహా వెల్లకిలా పడిపోయింది.

“ఇది పరుగుల రోజమ్మా, కార్నివాల్ కాదు,” అంది మార్వా.

“కవాతుకీ మార్కులున్నాయి కదా మిస్,” అంది ఆ పిల్ల తల్లి, ఊడిన ఈకలు ఏరుకుంటూ. పిల్లను లేపాలని ఆవిడకు తర్వాత గుర్తొచ్చింది.

కవాతు గంటకు పైగా సాగింది. గోనెసంచి పందెం మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ సంచులను మార్వా ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. కిందటేడు ఒక తండ్రి సంచి అడుగున రెండు కన్నాలు చేసి పంపాడు. కొడుకు గెంతకుండా హాయిగా పరుగెత్తి గెలిచాడు. నిమ్మకాయ పందెం చెంచాల సంగతీ అంతే. ఎవరి చెంచా వాళ్ళు తెచ్చుకోమంటే కూరలు వడ్డించే గరిటెలతో దిగేవాళ్ళు. విసిగిపోయి ఆమే టీ చెంచాలు డజను కొని బీరువాలో పెట్టింది. నిమ్మకాయలు మాత్రం ఎవరి పెరట్లోవి వాళ్ళు తెచ్చుకుంటారు. నిమ్మకాయలో ఏం మోసం ఉంటుందిలే అనుకుని వాటిని ఆమె పట్టించుకోలేదు.

మైకు రాండెల్ క్వాషీది. పెళ్ళిళ్ళకూ పార్టీలకూ పాటలు పెట్టడం అతని పని. లారీ నిండా పెద్ద పెద్ద సౌండు పెట్టెలు ఉన్నాయి. కూతురు జెనీషా ఈ బడిలో చేరిన నాటి నుంచీ పోటీలకు అవన్నీ ఊరికే తెచ్చి పెడుతున్నాడు. రాండెల్ కూడా మార్వా దగ్గరే చదువుకున్నాడు. అప్పుడూ గొంతు పెద్దదే, చదువే చిన్నది.

తొమ్మిదేళ్ళ జెనీషా నిమ్మకాయ చెంచా పందెంలో ఏటా ఆఖరున వచ్చేది. కాయ మూడుసార్లు పడేది, మూడుసార్లూ వంగి తీసుకుని మళ్ళీ నడిచేది. మిగతా పందేలన్నింటికీ ఊరు అదిరిపోయేలా అరిచే రాండెల్, ఆ పందెం వచ్చేసరికి గొంతు తగ్గించి, గెలిచిన పిల్లవాడి పేరు చదివి ఊరుకునేవాడు.

ఈసారి ఈల వేయగానే ఎనిమిది మంది పిల్లలు కదిలారు. ఏడుగురు చెంచా మీద నుంచి చూపు తిప్పకుండా, ఊపిరి బిగబట్టి నడుస్తున్నారు. జెనీషా మాత్రం చెంచా వంక ఒక్కసారీ చూడలేదు. కళ్ళు చివరి గీత మీదే పెట్టి ఉరికింది. అది చూసినప్పుడే తనకు అనుమానం రావలసింది అని మార్వా తర్వాత చాలాసేపు తనను తాను తిట్టుకుంది.

“మొదటి స్థానం, జెనీషా క్వాషీ,” అని మైకు మోగింది. “మళ్ళీ చెబుతున్నా వినండి, జెనీషా క్వాషీ, నా కూతురు.” నాలుగుసార్లు చెప్పాడు.

మెడలో పతకం పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. గెలిచిన పిల్లలు చేసేదే జెనీషా కూడా చేసింది. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. కుడిచేతిలో చెంచా బోర్లా పడింది. నిమ్మకాయ మాత్రం పడలేదు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కొబ్బరిబోండాల బండి అతను పడీ పడీ నవ్వడం మొదలుపెట్టాక మైదానమంతా నవ్వింది. జెనీషా తల పైకెత్తి తన చెంచానే చూసుకుంది. చెయ్యి దించి వీపు వెనక దాచుకుంది.

రెండో స్థానంలో వచ్చిన కవీర్ గోకూల్‌ను వెంటబెట్టుకుని వాడు నానీ అని పిలిచే అమ్మమ్మ గొడుగుతో సహా వచ్చేసింది. “మా వాడు మూడు వారాలు పెరట్లో చెంచా పట్టుకుని నడిచాడు మిస్. మా కోళ్ళు కూడా వాడికి దారివ్వడం నేర్చుకున్నాయి. ఆ పతకం ఎవరిదో మీ నోటితో మీరే చెప్పండి,” అంది.

ఆవిడ వెనకాలే హెడ్మాస్టరు లెజామా చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “చూసీ చూడనట్టు పోనివ్వండి మిస్ సీలీ. రాండెల్‌కి కోపమొస్తే వచ్చే ఏడు మైకు ఎవరిస్తారు?” అన్నాడు మెల్లగా.

మార్వాకు ఒళ్ళు మండిపోయింది. జెనీషా చెయ్యి పట్టుకుని, రాండెల్ మైకు పెట్టుకున్న గుడారంలోకి నడిచింది. అతను ఆమెను చూడగానే పాట పెద్దది చేశాడు. ఆమె కదలకుండా నిలబడితే మళ్ళీ చిన్నది చేశాడు.

“నమిలిన చూయింగ్ గమ్మేనా రాండెల్?”

“పిల్లల ఆట మిస్. ఒక్క నిమ్మకాయ కోసం ఇంత గొడవా?”

“పిల్లల ఆటేరా. మరి నువ్వెందుకు దూరావు?”

అతను మైకు తీగ వేలికి చుట్టుకున్నాడు. “నాలుగేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరి పేర్లూ చదువుతున్నాను మిస్. ఒక్కసారి నా పిల్ల పేరు చదవాలనిపించింది. అంతే.”

ఆమెకు జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. “గెలిచిందని మైకులో చెప్పావు. కాదని కూడా మైకులోనే చెప్పు.”

“నా వల్ల కాదు మిస్. నేను ఊళ్ళో తలెత్తుకు తిరగాలి. పతకం తీసుకెళ్ళి గుట్టుగా ఆ కవీర్‌కి ఇచ్చెయ్యండి, సరిపోతుంది.”

“నాలుగుసార్లు అరిచి చెప్పినదాన్ని గుట్టుగా ఎలా దిద్దమంటావు?” అంది మార్వా.

“పాట ఆపు డాడీ,” అంది జెనీషా.

ఇంటికి పోదామంటుందనుకుని అతను ఆపాడు. ఆ పిల్ల పెట్టె మీదున్న మైకును రెండు చేతులతో అందుకుని, తండ్రి ఎలా పట్టుకుంటాడో అలాగే నోటికి దగ్గరగా పెట్టుకుంది.

“నిమ్మకాయ పందెంలో మొదటి స్థానం కవీర్ గోకూల్‌ది. నా కాయకి గమ్ ఉంది.”

గుడారం బయట నుంచి ఎవరో అడిగారు. “ఎవరు పెట్టారమ్మా?”

జెనీషా తండ్రి వైపు చూడలేదు. “నేనే పెట్టుకున్నాను.”

అబద్ధం ఆడకూడదని ముప్పై ఒక్క ఏళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన మార్వాకు, ఈ అబద్ధాన్ని ఏం చేయాలో తెలియలేదు. కాదంటే పిల్ల అందరి ముందూ అబద్ధాలకోరు అవుతుంది. ఊరుకుంటే మోసగత్తెగా మిగిలిపోతుంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి నెత్తిన పెట్టుకుని తొమ్మిదేళ్ళ పిల్ల ఇంటికి వెళ్ళాలి. చేసింది వీడు, మోసేది అది. ఆమె రాండెల్ వంక చూసింది.

బయట నీలం జట్టు పిల్లలు అందుకున్నారు. “దొంగ జెనీషా, దొంగ జెనీషా.” ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత జట్టంతా. జెనీషా పతకం తీయబోయింది. రిబ్బను జడల పూసలకు చిక్కుకుంది. లాగింది, రాలేదు, మళ్ళీ లాగింది.

రాండెల్ వంగి ఆ చిక్కు విప్పాడు. పతకం మార్వా చేతిలో పెట్టాడు. కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“నేను పెట్టాను,” అన్నాడు. ఊరంతా ఎరిగిన ఆ గొంతు గుడారం దాటలేదు. “గమ్ నేనే నమిలి అంటించాను. పిల్ల వద్దంది. నేనే వినలేదు.”

మైదానం అవతల ఐస్ గోలాల బండి దగ్గర నుంచి ఒకాయన చెయ్యి ఊపాడు. “వినపడటం లేదు రాండెల్. కాస్త గట్టిగా చెప్పు.”

ఇక చాలని అంటుందేమోనని రాండెల్ మార్వా వైపు చూశాడు. ఆమె అనలేదు. అతను చెయ్యి చాపి సౌండు పెంచి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.