కిటికీ పక్క మిషను

మా కుట్టు దుకాణానికి కిటికీ ఒకటే. దాని పక్క మిషను పెద్దాయన పని మానేశాక, ఆ చోటు ఎవరిదో మీరే తేల్చుకోండని యజమాని మా ముగ్గురితో అన్నాడు. పేకాటతో తేల్చుదామన్నది మా బావమరిది. తలా ముప్ఫై గుండీలు. వారమంతా భోజనాల వేళ ఆడాలి. శనివారం గంట మోగేసరికి ఎవరి దగ్గర గుండీలు ఎక్కువుంటే చోటు వాళ్లది.

నాకు పేక అలవాటు లేదు. కానీ ఆర్నెల్లుగా సూది బెజ్జం కనబడటం లేదు. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. యజమానికి తెలిస్తే ఇంటికి పంపేస్తాడు. నాకా వెలుతురు కావాలి. బావమరిదికి మాత్రం వీధిలో పోయేవాళ్లను చూస్తూ కూర్చోవడానికి కావాలి.

మూడోవాడు చొక్కాలకు గుండీల కాజాలు కుట్టే కాజాలాయన. నోరు విప్పడు. ఆయన కాజాలు వంకరని కొన్ని నెలలుగా అందరి ముందూ దెప్పుతున్నాను. కిక్కురుమనడు. ఉప్పూకారం తినని మనిషి అనుకునేవాణ్ణి.

శనివారానికి ముగ్గురి గుండీలూ ఇంచుమించు సమానం. ఐదేసి ముక్కలు పంచారు. పెద్ద జత ఎవరిదైతే ఆట వాళ్లది. పందెం రెండు గుండీలు. పెంచితే ఇంకో రెండు, అంతకు మించి పెంచకూడదు. నాకు జాకీల జత వచ్చింది. గొప్పదీ కాదు, పారేసేదీ కాదు.

బావమరిది రెండు గుండీలు విసిరాడు.

"బావా, గుర్తుంచుకో. మంచి ముక్కలొస్తే పెంచాలి, చెత్తయితే పారెయ్యాలి. మధ్యరకమైతే రెండు వేసి నోరు మూసుకోవాలి."

"నువ్వెప్పుడు మూసుకున్నావురా?"

వీడు ఏ ముక్కలొచ్చినా రెండు వేస్తాడు. ఖాళీ డబ్బా. భయమల్లా నా తర్వాత ఆడే కాజాలాయనతోనే. నేనూ రెండే వేస్తే ఆయనా రెండు వేసి ఆటలోకొస్తాడు. నాలుగు వెయ్యాలంటే ఆలోచిస్తాడు. పిసినారి చెయ్యి.

ముక్కలిమ్మని దేవుణ్ణి అడగనని ఒట్టు పెట్టుకున్నాను. ధైర్యం అడగవచ్చా? తెలియలేదు. అడగకుండానే నాలుగు వేశాను.

కాజాలాయన ముక్కలు చాలాసేపు చూసి బోర్లా పెట్టేశాడు. "వచ్చే ఆట చూద్దాం."

బావమరిది నవ్వుతూ మరో రెండు వేసి, ముక్కలు తిప్పాడు. ఎనిమిదుల జత. నా జాకీలు పరిచాను. గంట మోగింది. వచ్చే ఆట లేదు.

బావమరిది ఊరుకోక కాజాలాయన ముక్కలు తిరగేశాడు. రాణుల జత.

"చూశావా బావా? నువ్వు పెంచకపోతే ఈయనే గెలిచేవాడు. జాకీలతో ఎవడైనా పెంచుతాడా?"

"అందుకే పెంచాను."

సాయంత్రానికి బావమరిది ఆ ఎత్తు నేర్పింది తానేనని కత్తిరింపు మాస్టరుకు చెప్పుకుంటున్నాడు.

సోమవారం కిటికీ పక్కన కూర్చొని, శనివారం నేను కుట్టిన చొక్కా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎండ నేరుగా పడుతోంది. దానికి కాజాలాయన కుట్టిన కాజాలు గీత గీసినట్టున్నాయి. నా కాలరు కుట్టు మాత్రం తాగినవాడి నడకలా ఉంది. ఇన్నాళ్లూ వంకర ఎవరిదో?

అవతల చీకటి మూల కాజాలాయన గుడ్డను ముక్కుకు ఆనించి కుడుతున్నాడు. పిలిచి ఒక మాట చెప్పాలనిపించింది. చెబితే నా కళ్ల సంగతీ చెప్పాలి.

కాలరు కుట్టు విప్పడం మొదలుపెట్టాను.