కరియ గోనె

పొదుగు మీద గోరువెచ్చని నీళ్ళు చల్లి, చన్నులకు ఆముదం రాసి, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ముత్యాలప్ప తన ఆవు గౌరి డొక్కకు తల ఆనించి పితకడం మొదలుపెట్టాడు. ఆవు తన్నలేదు, కొమ్ము విసరలేదు. చేపనూ లేదు. వేళ్ళు నాలుగు చన్నుల మీదా తిరిగి తిరిగి నొప్పెట్టాయి గానీ చెంబు అడుగు సరిగ్గా మునగలేదు. పొదుగు చూస్తే నిండుగానే ఉంది. పాలు లేక కాదు, ఇవ్వడం ఇష్టం లేక.

"ఇయ్యవే తల్లీ," అన్నాడు. "నాకు మాత్రం బాగుండాదా?"

గౌరి మెడ చాచి గాడి పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసింది. పన్నెండు రోజులుగా అటే చూస్తోంది.

లోకంలో ఆవులన్నీ దూడను చూసి చేపుతాయి. ముత్యాలప్ప ఆవు కుక్కను చూసి చేపేది. బేరిగై చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఇది నవ్వులాట. ఐదేళ్ళ కిందట గౌరి తొలి ఈతలోనే చచ్చిన దూడను వేసింది. అలాంటప్పుడు దూడ తోలులో గడ్డి కుక్కి ఆవు ఎదుట నిలబెట్టడం పాతకాలం పద్ధతి. ముత్యాలప్ప భార్య సుగంధి ఒప్పుకోలేదు. చచ్చిన బిడ్డ తోలు చూపించి తల్లిని మోసం చేస్తావా అని కోప్పడింది. ఆ పగలంతా ఇంటి కుక్క కరియ, పూడ్చేదాకా, దూడను ఆనుకుని గడ్డిలో పడుకున్నాడు. సాయంత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి గాడి పక్క నిలబడ్డాడు. ఒళ్ళంతా దూడ వాసన. గౌరి మూచూసింది, నాకింది, నాకుతూనే చేపింది. అప్పటినుంచి రెండు ఈతలైనా, ఎదుట సొంత దూడే ఉన్నా, కరియ వచ్చి నిలబడందే పాలు దిగేవి కావు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కంపెనీ ఉద్యోగస్థుడిలాగా వేళకు వచ్చి డ్యూటీ చేసి పోయేవాడు కరియ. చివరి నాలుగు పిండ్లు వాడి సత్తుపళ్ళెంలో పడేవి. అదే వాడి జీతం.

ఆ ధీమాతోనే, పోయిన నెల సుగంధి రెండో కాన్పుకున్న కూతురు పవిత్ర దగ్గరికి కావేరిపట్టణం పోతూ, పెయ్యదూడను కూడా టెంపోలో ఎక్కించుకుపోయింది. కూతురి ఇంట్లో పాడి ఉండాలని ఆశ. కరియ ఉండగా గౌరికి దూడతో పనేమిటని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అనుకున్నారు. దూడ వెళ్ళిపోయిన పద్దెనిమిదో రోజున కుక్క పోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ముత్యాలప్ప చెంబు తీసుకుని పాల సొసైటీకి నడిచాడు. అక్కడ పాలు పోయించుకునే భరణి పక్కింటి పిల్లే. చెంబులోకి చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇంతేనా మామా?"

"ఇంతే."

"ఆ పశువుల బేరగాడు మునిరాజన్న రేపు పొద్దున వస్తాడంట గదా, ఆవు కోసం?"

"సుగంధే వానికి ఫోన్ చేసి రమ్మన్నాదంట."

భరణి పాలు వంచుకుని అంది: "నువ్వు తప్పుగా అనుకోకు మామా. కరియను పూడ్చినప్పుడు వాడు పడుకునే గోనె కూడా గుంతలో ఏసేస్తివి. అది ఒక్కటి ఉండింటే గాడికి కట్టేవాళ్ళం. ఆ వాసనకన్నా చేపుండు గౌరి."

ముత్యాలప్ప తల వంచుకుని ఖాళీ చెంబు అందుకున్నాడు. "ఆ పొద్దు నాకేమీ తోచలేదమ్మా," అని వచ్చేశాడు.

గోనె గుంతలో లేదు. ఇంట్లో రాగులు పోసుకునే పెద్ద డబ్బాలో ఉంది.

చేని గట్టున గుంత తవ్వి, ఉప్పు పోసి, వాడు పడుకునే గోనె పరిచి, వాడిని దాని మీద పెట్టింది నిజమే. మన్ను తోయబోయే ముందు ఎందుకో చేయి ఆడలేదు. కరియను ఎత్తి, గోనె లాగేసుకుని, చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. డబ్బాలో అడుగున మిగిలిన రాగులు చేటలోకి వంపి, గోనె పెట్టి, గాలి పోకుండా మూత బిగించాడు. పొద్దున ఒకసారి, పని నుంచి వచ్చాక ఒకసారి మూత తీసి, ముక్కు లోపల పెట్టి, వెంటనే మూసేస్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, మీసమున్న మగవాడు, డబ్బాలో తల దూర్చి కుక్క వాసన చూసుకుంటున్నాడంటే ఊరు నవ్వదూ? నవ్వితే నవ్వనీ, అది కాదు భయం. ఆవుకిస్తే నాకేస్తుంది. రెండు పూటలు నాకిందంటే గోనె మీద కరియ మిగలడు. ఇవ్వకపోతే రేపు పొద్దున మునిరాజు లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కిన ఆవు ఇంకో పాకలోకి పోదని బేరిగైలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఏడున్నరకు రోజాతోట వ్యాను వచ్చింది. ముత్యాలప్ప తొమ్మిదేళ్ళుగా ఆ ప్లాస్టిక్ షెడ్లలో పువ్వులు కోస్తున్నాడు. మొగ్గ విచ్చుకోకముందే కత్తిరించాలి. ఆకు దూయాలి, ముల్లు గీయాలి, కాడ పొడుగును బట్టి ఇరవయ్యేసి కట్టలు కట్టి బకెట్ నీళ్ళలో నిలబెట్టాలి. చేతుల నిండా గీతలు. ఇన్ని వేల పువ్వుల మధ్య నిలబడినా వాసన రాదు. దూరదేశాలకు పోయే రోజాలు, చూపుకే గానీ ముక్కుకు కావు. కొట్టిన మందు వాసన మాత్రం గోళ్ళలో కూర్చుంటుంది.

కరియ పోయిన మర్నాడు సూపర్వైజర్ చక్రికి ఫోన్ చేసి, "ఇంట్లో ఒకరు పోయినారు సార్, రెండు దినాలు రాలేను," అన్నాడు. అబద్ధం చెప్పానని అతడికి ఇప్పటికీ అనిపించదు. తిరిగి పనికి వచ్చినప్పుడు చక్రి భుజం మీద చెయ్యి వేసి, "పెద్ద వయసా అప్పా?" అని అడిగాడు. "ఎనిమిదేండ్లు సార్," అని నోటి నుంచి వచ్చేసింది. చక్రి కళ్ళు తుడుచుకుంటూ పోయాడు. ఆ మాటను సరిచెయ్యడానికి ముత్యాలప్పకు ఇంతవరకు ధైర్యం చాలలేదు. షెడ్డులో ఆడవాళ్ళు ఇప్పటికీ అతనికి మోయడానికి బరువు బకెట్లు ఇవ్వరు. మధ్యాహ్నం సద్ది మూత తీస్తే సంగటి పక్కన ఎవరో ఒకరు ఇంత పులుసు వేసి పోతారు.

నాలుగున్నరకు వ్యాను దిగాడు. రోడ్డు మలుపులో, కరియ వచ్చి కూర్చునే రాయి దగ్గర, కాళ్ళు వాటంతటవే నిదానించాయి. ఇంటికొచ్చి గోళ్ళు చింతపండుతో తోముకుంటుంటే ఫోను మోగింది.

"ఏమయ్యా, పొద్దున చేపిందా?" సుగంధి.

"లే."

"అయితే తోలెయ్. రేపు మునిరాజు వస్తే గొణగకుండా పలుపు చేతికియ్యి. పాలు దిగే సూది ఏసి పిండుదామంటే నువ్వు వద్దంటివి. ఊరికే మేపతా ఉంటే పొదుగు చెడతాది, పాపం." అవతల పసిబిడ్డ ఏడుపు. "ఆ గోనె ఎందుకు ఏసేస్తివయ్యా గుంతలో? ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె."

చెప్పేయాలనుకున్నాడు. నాలుక చివరి దాకా వచ్చింది. "బిడ్డ ఏడస్తా ఉండాడు, చూసుకో పో," అని పెట్టేశాడు.

పాకలోకి పోయి నిలబడ్డాడు. గౌరి తల తిప్పి చూసి, మళ్ళీ ఆ ఖాళీ జాగా వైపే తిరిగింది. ముత్యాలప్పకు ఆ చివరి సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని దగ్గరికి రానివ్వలేదు.

ఆ రోజు అతను పని నుంచి వచ్చేసరికి కరియ రాయి దగ్గర లేడు. గడ్డివామి వెనక ఎక్కడో ఉన్నాడనుకున్నాడు. వామి వెనకే ఉన్నాడు. రక్తపింజరి పాము వాడి మూతి మీద కాటేసింది. అది అప్పటికి అతనికి తెలియదు. పితికే వేళకు కరియ నడిచి వచ్చి గాడి పక్క తన చోట నిలబడ్డాడు. ముత్యాలప్ప తల ఆవు డొక్కకు ఆనించి ఉన్నాడు, ఏమీ చూడలేదు. గౌరి నాకుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఎప్పటికంటే ఎక్కువసేపు నాకింది. పాలు ధారకట్టాయి, చెంబు నిండింది. ఇవాళ బాగా చేపినావే అని మెచ్చుకున్నాడు కూడా. లేచి, చివరి పిండ్లు పళ్ళెంలో పోద్దామని చూస్తే కరియ మొహం గుమ్మడికాయంత వాచి ఉంది. కళ్ళు మూసుకుపోయాయి. అయినా నాలుగు కాళ్ళ మీద నిలబడే ఉన్నాడు. ముత్యాలప్ప చెంబు కింద పెట్టాక, పని అయిపోయిందని తెలిశాక, పోయి గోనె మీద పడుకున్నాడు. పశువుల డాక్టరు వచ్చేసరికి ఊపిరి లేదు.

"కండ్లు మూసుకపోయినా వాడు నిలబడె," అన్నాడు ముత్యాలప్ప పైకే. "నేను డబ్బా కాడ కాపలా కాస్తాండా."

ఇంట్లోకి పోయి మూత తీశాడు. ఈసారి ముక్కు పెట్టలేదు. పెడితే మళ్ళీ మూసేస్తానని తెలుసు. గోనె తెచ్చి, కరియ నిలబడే ఎత్తుకు సరిగ్గా గాడికి కట్టి, చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

గౌరి మూచూసింది. చెవులు నిక్కించింది. మెడలోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది, దూడను పిలిచే మూలుగు. తర్వాత నాకడం మొదలుపెట్టింది. గరగరమని ఆ చప్పుడు. అతని వేళ్ళ మధ్య చన్నులు ఉబ్బాయి, పాలు దిగాయి. ముత్యాలప్ప ఈసారి తల ఆనించలేదు. మెడ అటు తిప్పి, గౌరి నాలుక ఆడినంతసేపూ గోనెనే చూస్తూ పితికాడు. సగం ధారలు చెంబు బయట పడ్డాయి. పడితే పడనీ అనుకున్నాడు. ఏడుపు వస్తే దాచుకోలేదు, చూసేవాళ్ళు ఎవరున్నారు గనక.

ముగించాక చెయ్యి అలవాటుగా పక్కకు పోయింది. సత్తుపళ్ళెంలో నాలుగు పిండ్లు పోశాక గానీ తెలియలేదు.

కొట్టంలోంచే ఫోను చేశాడు. "మునిరాజూ, రేపు రావద్దప్పా. చేపింది." అవతల ఎలాగని అడిగితే, "ఎట్లనో చేపింది," అని పెట్టేశాడు. సుగంధికి చెప్పాలి, భరణికి చెప్పాలి. రేపు చెప్తాడు.

గోనె ముడి విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎంగిలి, గడ్డి, ఆవు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, మడతల్లో వెతికాడు. వెతికి చాలించుకుని, పొద్దుటికి చేతికందేలా గాడి పక్కన మేకుకు తగిలించి ఇంట్లోకి పోయాడు. మేకుకు తడి గోనె బరువుగా వేలాడుతోంది. దాని ఒక మూల, కరియ పళ్ళతో పీకిన చోట, నాలుగు పోగులు ఇంకా ఊడి ఉన్నాయి.