కోడలెత్తు బెల్లం

“జాతర దాక జర తక్కువ తినవే వినోదా. నువ్వు బరువెక్కినకొద్దీ బెల్లమెక్కుతది” అంటూ అత్తమ్మ నా కంచంలోంచి రెండో జొన్నరొట్టె తీసి గిన్నెలో పెట్టేసింది.

నాకిది కొత్త కాదు. పోటీల ముందు మా కోచ్ ఉప్పలయ్య సారు కూడా ఇలాగే కంచం లాక్కునేవాడు. కాకపోతే ఆయన లాక్కున్నాక నేను రింగులోకి దిగి ఎవరిదో ఒకరి దవడ వాచేటట్టు కొట్టి, మెడల్ తెచ్చేదాన్ని. బాక్సింగ్‌లో రాష్ట్ర ఛాంపియన్ని. పెళ్ళయ్యాక కూడా ఆడాను. పోయినేడు ప్రాక్టీసులో ఎడమ కంటి మీద పడ్డ ఒక్క గుద్దుకు లోపలి పొర ఊడింది. తలకు ఇంకో దెబ్బ తగిలితే చూపు పోతుందనీ, బరువులు ఎత్తొద్దనీ ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చెప్పింది. మొదటి మాట ఇంట్లో అందరికీ బాగా గుర్తుంది. రెండోదాని దగ్గరకొచ్చేసరికి, కొత్తవాడలోని మా తివాచీల దుకాణంలో కట్టలు దించుతూ మా ఆయన రాకేష్, “ఇవి బరువెట్లయితయ్, మెత్తగనే ఉన్నయ్ గద” అని నా భుజం మీదే పెడతాడు. టీవీ పెడితే కన్నుకు మంచిది కాదంటాడు. అన్నంలో రాయి తగిలితే కన్ను కనబడ్తలేదా అంటాడు.

స్టేడియంలో ఆడపిల్లలకు నేర్పించే మనిషి లేదని, దెబ్బలు తినే పని లేదు, చెప్పుడే అని సారు రెండుసార్లు ఫోన్ చేశాడు. “అమ్మ మొక్కు తీరనీ, తర్వాత చూద్దాం” అన్నాడు రాకేష్. నా కన్ను బాగుపడాలని సమ్మక్క సారలమ్మలకు నా ఎత్తు బంగారం మొక్కిన మనిషిని కాదని ఎలా వెళ్తాను? ఆ తల్లుల దగ్గర బంగారమంటే బెల్లమే అయినా, నాకోసం ఇన్ని కిలోల ప్రేమ ఎవరు తూచారు కనుక?

ఆదివారం కట్టయ్య బెల్లం దుకాణంలో కాంటా ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. రాకేష్ స్టేటస్‌లో పెట్టడానికి వీడియో తీస్తున్నాడు. “మొక్కేందో తల్లులకు ఇనబడేటట్టు చెప్పి మొదటి ముద్ద పెట్టు అక్కా” అన్నాడు కట్టయ్య.

అత్తమ్మ నసిగింది. ముద్దను కొంగుతో తుడిచింది. చివరికి కాంటాకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది. “మా కోడలు గుద్దులాట మానితే నిలువెత్తు బంగారమిస్త అన్న తల్లీ. మానింది.”

“కన్ను బాగుగావాలని కాదా?” వాడంతా తెలిసిన సంగతే కనుక, నాకంటే ముందు కట్టయ్యే అడిగాడు.

“కన్నుకు దవాఖాన ఉన్నది గద.”

“ఎప్పుడు మొక్కినవ్ అత్తమ్మా?” అన్నాను.

“మీ పెండ్లయిన ఏడే.”

అంటే ఆ గుద్దు పడకముందే. రాకేష్ ఫోన్ దించాడు. కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. రాజు సైన్యంతో కొట్లాడి ప్రాణాలిచ్చిన ఆడవాళ్ళ దగ్గరికి పోయి, మా కోడలితో కొట్లాట మాన్పించమని అడిగింది ఈవిడ. ఆ తల్లీకూతుళ్ళు మొహమొహాలు చూసుకుని ఉంటారు.

కాంటా దిగాను. “నేను మానలే అత్తమ్మా. దెబ్బలు తినుడే మానిన. రేపటి సంది స్టేడియంకు పోతాన, పిల్లలకు నేర్పిస్త.”

“మరి దుకాణంల కట్టలెవలు దించుతరు?” అన్నాడు రాకేష్.

“నీకు రెండు కండ్లు బాగనే ఉన్నయ్ గద.”

అత్తమ్మ మొహం నిజంగానే పాలిపోయింది. “మరి మొక్కో? తల్లులకు బాకీ ఉంటమా?”

“ఉండొద్దు. నువ్వు గూసో. ఇదివరకటిది ఇడిసిపెట్టి, నీకోసం ఏదన్న అడుగు.”

తల్లుల మీది భయానికి అత్తమ్మ కాంటా ఎక్కి, కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను సారుకు ఫోన్ కలిపి, “రేపు ఎన్నింటికి రావాలె సార్” అంటుంటే, పక్కన కట్టయ్య ముద్ద పట్టుకుని, “జల్ది చెప్పు అక్కా, ఏం మొక్కుతానవ్” అని తొందరపెడుతున్నాడు.

అత్తమ్మ కళ్ళు మూసుకునే ఉంది. “ఆగవయ్యా” అంది. “నాకోసమని ఎన్నడన్న అడిగిన్నా? యాదికి రావద్దా.”