అటకెక్కిన బట్టలు

"సాయంత్రం అతిభారీ వర్షం, వాగులు ఒక్కసారిగా పొంగే ప్రమాదం, పల్లపు ప్రాంతాలవాళ్ళు జాగ్రత్త" అని ఫోన్ మోత మొదలెట్టింది. ఉండేది ఐదో అంతస్తులో, నాకెందుకీ గోల!

మా నాన్న దర్జీ. వాగు ఒడ్డునే కొట్టు, దాని వెనకే ఇల్లు. రేడియోలో ఇలాంటి కబురు వినగానే "వాళ్ళు చెప్తే వాన పడుతుందా?" అని వెక్కిరిస్తూనే, కుట్టడానికిచ్చిన బట్టలన్నీ మూటగట్టి అటకెక్కించేవాడు. మా సామాన్ల వంతు ఆఖరున. ఒకసారి ఆ వంతు రానేలేదు. అరగంటలో నడుములోతు నీళ్ళు వచ్చేశాయి. నా పుస్తకాలు, అమ్మ పెళ్ళిబట్టలు బురదపాలు. ఊళ్ళోవాళ్ళ చొక్కాలకు మాత్రం చుక్క తడి అంటలేదు.

"ఊరందరి గుడ్డలూ ముద్దొచ్చాయి, పెళ్ళాం గుడ్డలే బరువయ్యాయి" అంటూ నాన్న పోయేదాకా అమ్మ సాధించింది. నేనూ వంతపాడాను.

ఫోన్ మోతకి అమ్మ గోడ పట్టుకుని గదిలోంచి వచ్చింది. ఈమధ్య ఆవిడకి ఏ ఇంట్లో ఉన్నామో గుర్తుండటం లేదు.

"అలా నిలబడ్డావేమే? మనవి తర్వాత. ముందు వాళ్ళ బట్టలందించు. నాన్న అటకెక్కి చెయ్యి చాపాడు, కనబడటం లేదూ?"

మా ఇంట్లో అటకే లేదు. కుర్చీ మీది దుప్పటి మడిచి, చెయ్యెత్తి, పైకి అందించాను.