పది అంగలు

కాటయ్యకు తెలియని సంగతంటూ ఒక్కటీ లేకపోవడమే సుక్కమ్మ కాపురంలో ఉన్న ఇబ్బంది. జొన్నరొట్టె ఏ వైపు మాడుతోందో పొయ్యికి నాలుగు బారల దూరంలో కూర్చుని చెప్పేస్తాడు. తిప్పడం మాత్రం ఆమె పని. ఇవాళ కాలుస్తున్నవి ఏటిలో పుట్టి మీద ప్రయాణానికి. ఏటిగూడేనికి అతనిది ఇది మూడో ప్రయాణం.

దామరచర్ల దిగువన, కృష్ణ ఒడ్డున అడవి కొట్టి ఏడు కుటుంబాలు వేసుకున్న ఊరది. కిందటేడు రజాకార్ల భయానికి ఒక్క పూటలో ఖాళీ అయింది. కాటయ్య ఎడ్లను తోలుకుని ముందు కదిలాడు. విత్తన జొన్నల్లో బూడిద, వేపాకు కలిపి, మూడు కుండల్లో పోసి, మూతులకు మట్టి మెత్తి, పెరట్లో పాతిపెట్టి వెనక వచ్చింది సుక్కమ్మ. మళ్లీ రోహిణి కార్తె వచ్చేసింది. ఆ గింజలు దొరికితే తమ చెలకలో తామే విత్తుకోవచ్చు. లేకపోతే ఇప్పుడు తలదాచుకున్న మిర్యాలగూడలో కాటయ్య మేనత్త ఇంటి వసారా, ఒకరి చేలో కూలి.

"నేనొస్త, సూపిస్త" అని మొదటిసారే అంది.

"గోడకాన్నుంచి పది అంగలని నువ్వే జెప్తివి. పది లెక్కబెట్టుడు నాకు రాదా?"

రెండుసార్లు పోయి, పెరట్లో గుంత మీద గుంత తవ్వి, ఉత్త చేతులతో వచ్చాడు. "దీనికి మతి నిలువదు. యాడ బెట్టిందో మరిచింది" అని వసారాలో అందరికీ చెప్పాడు. కాటయ్య తల్లి ముత్తమ్మ, "గింజల్ని దాని చేతికిచ్చుడే తప్పు" అని నిట్టూర్చింది. ఇచ్చిందెవరని? విత్తనం దాచడం ఆ ఇంట్లో మగవాళ్లు ఏనాడైనా ముట్టిన పనా? అయినా అందరూ అదే మాట అంటుంటే, సుక్కమ్మ పిండి విసురుతూ ఆ సాయంత్రాన్ని మళ్లీ మళ్లీ నడిచి చూసుకునేది. గోడ, కుండ, అడుగు. నిజంగానే మరిచానా అని తన మీద తనకే అనుమానం పుట్టిన రోజు, తిట్లకు రాని ఏడుపు వచ్చింది.

ఈసారి అడగలేదు. చంటిపిల్లను అత్తకు అప్పగించి, అతని వెనకే రేవు దాకా నడిచి, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని పుట్టిలో కూర్చుంది. "వంటకు మనిషి గావాలె గదా" అంది. అతను గడ్డపార పుట్టిలో పడేసి ఎక్కాడు.

పుట్టి నడిపే ఈదయ్య కిసుక్కుమన్నాడు. "కాటన్నా, ఈసారన్న వదిన మాట ఇను. నీ గుంతలల్ల చేపలు పెంచొచ్చు."

ఊళ్లో కప్పులన్నీ కూలాయి. తమ ఇంటి గోడ మాత్రం నిలబడింది. దాని మీద సుక్కమ్మ మెత్తిన మట్టిలో ఆమె వేళ్ల జాడలు అలాగే ఉన్నాయి. కాటయ్య వాటి మీద చెయ్యి ఆనించాడు.

ఆమె గోడ దగ్గర నిలబడి ఒక బండరాయి నెత్తిన పెట్టుకుంది.

"అదేందే?"

"కుండలు గిట్లనే మోసిన. కడుపుల ఏడో నెల పిల్ల గూడ ఉండె."

చిన్నగా, పాదం తర్వాత పాదం వేస్తూ పది లెక్కపెట్టి ఆగింది. కాటయ్య గుంతలన్నీ అక్కణ్నుంచి చాలా దూరాన ఉన్నాయి. రాయి దించి తనే గడ్డపార వేసింది. మూడో పోటుకు కుండ పెంకు తగిలింది. మూతి పగలగొట్టి ఒక గింజ పంటి కింద పెట్టింది. కటుక్కుమంది; పుచ్చలేదు.

కాటయ్య మట్టిలో కూలబడ్డాడు. "నేను ఉత్త చేతులతోని నడిచిన సుక్కా. నువ్వు మోస్కుంట నడిచినవని తోచనే లేదు."

"జర గట్టిగ జెప్పు. ఈదయ్యకు ఇనబడలే."

అతను లేచి ఏటి వైపు తిరిగాడు. "ఈదన్నా! ఇది ఏం మరువలే. మరిచిందని ఊరంత జెప్పిన, తప్పు నాది. రేపు వసారాల అందరి ముంగట గిదే మాట జెప్త."