రెండో గేరు

టైలరమ్మ కారు కింద దూరిందంటే నమ్మకపోతే మీ ఇష్టం. దూరింది. పాత దుప్పటి పరుచుకుని, జుట్టుకు గుడ్డ కట్టుకుని, మొగుడి పాత చొక్కా తొడుక్కుని, వెల్లకిలా పడుకుని జరుగుతూ జరుగుతూ దూరింది. నలుగురూ నవ్వుతారని ఆగే మనిషైతే ఈ కథే లేదు.

ఆవిడకు అంత పంతం పుట్టించింది ఒక శబ్దం. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారుస్తుంటే బండి కడుపులోంచి 'కర్ ర్ ర్' మని వచ్చేది, గచ్చు మీద ఇనప బీరువా ఈడ్చినట్టు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడైతే మరీను. ఆ శబ్దం రావడమే ఆలస్యం, పక్క సీట్లోంచి ఆయన అరిచేవాడు.

"క్లచ్! క్లచ్ పూర్తిగా తొక్కవే అంటే వినవేం?"

"అడుగంటా తొక్కానండీ. గేరే పడట్లేదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నదట నీలాంటిదే. మరి నా చేతిలో పడుతోందిగా?"

అదే చిక్కు. ఆయన చేతిలో నిజంగానే పడేది. ఆయన పంపు హౌస్‌లో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ఆపరేటరుగారనే పిలుస్తారు. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుంటే బండి కిక్కురుమనదు. ఈవిడ కూర్చుంటే ఊరంతా వినపడేలా ఏడుస్తుంది. ఇక లోపం ఎవరిదని తేలుతుంది చెప్పండి? ఆవిడకే అనుమానం వచ్చేసింది. కుట్టుమిషన్ పెడల్ మీద జీవితమంతా ఆడిన కాలు, కారు పెడల్ దగ్గరికొచ్చేసరికి ఎందుకిలా మొద్దుబారిందా అని రాత్రిళ్లు కాలి వేళ్లు కదిపి చూసుకునేది.

లైసెన్సు పరీక్షకు ఒకసారి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు రెండో గేరు వేయమన్నాడు. బండి గొంతెత్తింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇంకొంచెం ప్రాక్టీసు చేయాలమ్మా," అని ఫెయిల్ చేశాడు. ఇంటికొచ్చాక మొగుడితో పెద్ద వాదమే జరిగింది. చివరికి ఒప్పందం ఏమిటంటే, ఇంకొక్కసారి వెళ్తుంది, ఈసారీ తప్పితే ఇక కారు మాట ఎత్తదు. కుట్టిన యూనిఫాం మూటలు స్కూళ్లకు చేరవేయాలంటే ఇదివరకటిలాగే ఆయన వీలు చూసుకుని, ఆయన మూడ్ చూసుకుని, ఆయన టీ అయ్యాక బయల్దేరాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

ఆ రెండో పరీక్ష రేపు పొద్దున. ఎవరి బండి వాళ్లే తెచ్చుకోవాలి.

ఇంతలో వైపర్ బ్లేడు కొనడానికి స్పేర్ పార్టుల షాపుకు వెళ్తే, అక్కడి మనిషి మాటల్లో మాటగా అడిగాడు. "గేర్‌బాక్స్‌లో నూనె ఎప్పుడు మార్చారమ్మా?" ఎప్పుడైనా మార్చినట్టు ఆవిడకు తెలీదు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఆవిడను వదల్లేదు. మిషన్‌లో నూనె జిడ్డుకడితే సూది ఎలా మొరాయిస్తుందో ఆవిడకు తెలుసు. నూనె డబ్బా, రాగి వాషర్లు, ఎందుకైనా మంచిదని నింపే చోటికి ఓ కొత్త బోల్టు, రబ్బరు గొట్టం, బోల్టు తలకు తొడిగే సాకెట్లు అన్నీ తెచ్చుకుంది. షాపతను ఎలా మార్చాలో చెబుతుంటే, "సరే బాబూ, సరే," అంటూ సగం విని, సగం సంచీలో సర్దుకుంది.

మధ్యాహ్నం ఆపరేటరుగారు చదరంగం ఆడటానికి స్నేహితుడింటికి వెళ్లగానే పని మొదలైంది. సాయానికి పక్క పోర్షన్‌లో ఉండే ఆడపడుచును పిలిచింది. ఆ అమ్మాయి లెక్కల టీచరు, నోరు కాస్త ఎక్కువ.

"వదినా, అన్నయ్యకు తెలిస్తే ఇద్దరికీ మూడుతుంది."

"మూడనీ. నువ్వు లైటు పట్టుకో చాలు."

ముందు నూనె వేడెక్కాలని ఆడపడుచును పక్కన కూర్చోబెట్టుకుని వీధి చుట్టూ తిప్పుకొచ్చింది. రెండో గేరుకు బండి ఎప్పటిలాగే ఏడ్చింది. "ఏడువు, ఏడువు. ఇదే ఆఖరు," అంది ఆవిడ. తర్వాత జాకీతో లేపి, నాలుగు మూలలా ఇనప స్టాండ్లు పెట్టి, బండి ఎటూ ఒరగకుండా సమంగా ఉందో లేదో కొలతల టేపుతో చూసుకుంది. భుజంతో ఒకసారి గట్టిగా నెట్టి చూసింది. కదల్లేదు. అప్పుడు దూరింది కిందకి.

గేర్‌బాక్స్‌కు బోల్టులు రెండు. నూనె కారిపోవడానికి అడుగున ఒకటి, నింపడానికి పక్కన కాస్త పైగా ఒకటి. అడుగు బోల్టు ముందు బిగుసుకుంది గానీ, స్పానరు పిడిని కాలితో రెండు తన్నులు తన్నేసరికి దారికొచ్చింది. కింద బేసిన్ పెట్టింది. నూనె కారడం మొదలైంది.

కారడం అంటే అది కారడం కాదు. సాగింది. నల్లగా, ఆకుపచ్చ జీరతో తీగలా సాగుతూ దిగింది.

"ఇదేంటమ్మాయ్, వేడెక్కాక కూడా ఆముదంలా ఉంది?"

"పాతబడితే చిక్కబడుతుందేమో వదినా. మనుషుల్లాగే."

"నీ మొహం. నేను చిక్కానా?"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. చివరి చుక్క దాకా కారనిచ్చి, బోల్టుకు అంటిన ఇనప రజను గుడ్డతో తుడిచి, కొత్త వాషరు వేసి బిగించింది. ఇక నింపడమే కదా అని పక్క బోల్టుకు స్పానరు తగిలించింది. లాగింది. కదల్లేదు. రెండు చేతులా లాగింది. ఊహూఁ. అది ఇరుకు మూల. కాలు పెట్టి తన్నే వీలు లేదు. ఊపిరి బిగబట్టి ఇంకోసారి లాగితే స్పానరు జారి, మోచెయ్యి నేలకు కొట్టుకుంది. లైటు దగ్గరగా పట్టి చూస్తే బోల్టు అంచు ఒకటి కాస్త అరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది షాపతని మాట. "అమ్మా, ఒక్కటి మర్చిపోకండి. ముందు నింపే బోల్టు ఊడుతుందని చూసుకున్నాకే కింద బోల్టు విప్పండి." ఆ మాట వింటూనే, ఖాళీ చేయకుండా నింపేదెక్కడ, ఇతనికి చెప్పడం రాదనుకుంది. బిందె కడిగినా, సీసా కడిగినా ముందు వంచేయడమేగా మన అలవాటు! ఇప్పుడు బండిలో చుక్క నూనె లేదు. పాతదే తిరిగి పోసేద్దామన్నా పోసే దారి లేదు. పొడి గేర్లతో బండి కదిలిస్తే బూడిదే మిగులుతుంది. పరీక్ష రేపే. 

"అన్నయ్యకు ఫోన్ చేయనా?" అంది ఆడపడుచు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"చస్తే చేయొద్దు."

తుప్పు వదిలించే నూనె కొట్టింది. బోల్టు చుట్టూ సుత్తితో టకటకా తట్టింది. బోల్టు అంచులన్నీ పట్టుకునేలా సరిగ్గా సరిపోయే సాకెట్టు ఏరి తొడిగింది. అరచేతులు ఎర్రబడ్డాయి. చెమట కళ్లల్లోకి దిగింది. అయినా బయటికి రాలేదు. వస్తే ఓడిపోయినట్టేనని ఆవిడ లెక్క. ఆ స్థితిలో, కారు అంచు కింద నుంచి రెండు చెప్పుల కాళ్లు కనిపించాయి.

"ఏమే! ఏం చేస్తున్నావే అక్కడ?"

"బట్టలు కుడుతున్నా. కనబడట్లేదా?"

ఆడపడుచు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేసింది. ఆపరేటరుగారు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత వంగి చూసి, ఆ బోల్టును గుర్తుపట్టి, నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా తిక్క రేగుతుంది.

"అది నేను బిగించిన బోల్టు. పిడుగు పడ్డా ఊడదు."

"దేంతో బిగించారు?"

"పంపు హౌస్ గొట్టంతో. స్పానరుకు తొడిగి పట్టు పట్టానంటే…" అంటూ గొప్పగా చెయ్యి ఊపబోయి, ఆగి, పెరటి గుమ్మం వైపు చూశాడు. ఆవిడా చూసింది. అక్కడ ఆవిడ కుట్టిన పూల కర్టెన్ వేలాడుతోంది. అది వేలాడుతున్నది ఆ పంపు హౌస్ గొట్టానికే, మూరలకు మూరలుంది.

టైలరమ్మ కారు కిందనుంచి బయటికొచ్చి, నేరుగా వెళ్లి కర్టెన్ లాగి పారేసి గొట్టం పట్టుకొచ్చింది. ముల్లును ముల్లుతోనే తీయాలి. సాకెట్టు పిడికి గొట్టం తొడిగితే, దాని రెండో కొస చక్రం పక్క సందులోంచి బయటికొచ్చింది. ఇక కింద దూరే పని లేదు.

"జరుగు, నేను చేస్తా," అన్నాడు ఆయన.

"అక్కర్లేదు. అది ఖాళీ చేసింది నేను, ఇదీ నేనే విప్పుతా."

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిలబడలేకపోయాడు. "ఒసే, ఒక్క మాట విను. ముందు రవ్వంత బిగించు, పట్టు వదులుతుంది. తర్వాత విప్పు," అన్నాడు. మంచి మాట ఎవరు చెప్పినా వినాలి కదా. ఆవిడ రవ్వంత బిగించి, తర్వాత గొట్టం మీద ఒంటి బరువంతా వేసింది. టక్! బోల్టు వదిలింది. ఆడపడుచు ఈల వేసింది, ఆపరేటరుగారు ఆ ఈల వినబడనట్టు నటించాడు.

పైనుంచి గరాటు పెట్టి, రబ్బరు గొట్టం నింపే బెజ్జంలోకి దించారు. నూనె పోసే పని ఆయనకిచ్చింది, ఆ మాత్రం మర్యాద ఉంది ఆవిడకు. డబ్బా వంచగానే ఆయన కెవ్వుమన్నాడు.

"ఇదేం నూనే! నీళ్లలా ఉంది! ఇది పోస్తే గేర్లు అరిగిపోవూ? నేను పోసిన దాన్ని చూడు, ఎంత చిక్కగా ఉందో!" అంటూ బేసిన్‌లో వేలు ముంచి ఎత్తి చూపించాడు. నూనె వేలినుంచి కిందికి దిగడానికి తొందరపడలేదు.

టైలరమ్మ ఆ వేలినే చూసింది. "మీరు పోసిందా?"

"మరి? పంపు హౌస్‌లో మిగిలిన డబ్బా. ఏనుగంత పంపు గేర్లను మోసిన నూనె అది. పాలైనా నూనైనా చిక్కగా ఉంటేనే బలం."

"ఎప్పుడు పోశారు?"

"నువ్వు డ్రైవింగ్ మొదలెట్టే ముందు. బండి గట్టిగా ఉండాలని."

"అంతకు ముందు రెండో గేరు ఎలా పడేది?"

"అలా అంటే ఇలా పడేది."

"పోశాక?"

"పోశాకా… కాస్త ఆగి వేస్తే పడుతుంది. మధ్యలో ఓ క్షణం ఆగి…"

అని ఆగిపోయాడు. తన నోటి మాట తన చెవికే ఇప్పుడు చేరింది. గరాటు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆవిడకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది.  "ఆగి వేయాలని నాకొక్కసారైనా చెప్పలేదేమండీ? వీధిలో అందరి ముందూ క్లచ్ క్లచ్ అని అరిచారే, నా కాలు పనికిరాదని నేనే నమ్మేశానే!"

"ఆగుతున్నానని నాకే తెలీదే. చేతికి అలవాటైపోయింది," అన్నాడాయన చిన్నగా.

"మిషన్‌లో ఆముదం పోసి, కుట్టు రావట్లేదని టైలర్ని తిడతారా ఎవరైనా?"

ఆయన నూనె వేలిని గుడ్డకు తుడుచుకున్నాడు.  "పోయండి," అంది టైలరమ్మ కళ్లు తుడుచుకుని. "పని ఆగకూడదు." ఆయన పోశాడు. ఆవిడ మళ్లీ కింద దూరి, బెజ్జం అంచునుంచి కొత్త నూనె సన్నగా పొర్లేదాకా చూసి, చాలంది. ముందే తెచ్చుకున్న కొత్త బోల్టుకు కొత్త వాషరు వేసి, మామూలు స్పానరుతో, మామూలుగా బిగించింది.

"అంతేనా? ఇంకాస్త…" అన్నాడు ఆయన.

"అంతే."

మర్నాడు పొద్దున బండి చల్లగా ఉండి, గేర్లు ఎక్కువ గోల చేసే వేళకు బయల్దేరారు. ఆయన చేతి కిటుకు తెలిసింది కదా, ఓ క్షణం ఆగి వేస్తే సరిపోతుంది. కానీ ఆవిడ ఆగదలుచుకోలేదు. ఆగి వేస్తే ఏం తేలుతుంది? లోపం తన కాలిదో, నూనెదో ఈ వీధి చివరకు తేలిపోవాలి. నూనె మార్చినా ఏడిస్తే ఇక తన కాలే అనుకోవాలి.  మొదటి గేరు వేసి గేటు దాటింది. మలుపు తిరిగింది. క్లచ్ తొక్కి, ఆగకుండా గేరు కిందికి లాగింది.

పక్క సీట్లో ఆపరేటరుగారి నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "క్ల…"

శబ్దం రాలేదు. కర్ లేదు, కుర్ లేదు. గేరు తన చోట్లో తాను కూర్చుంది. బండి ముందుకు సాగింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, కాసేపటికి మూతపడింది.

"అనండి, రోజూ అనేదేగా," అంది ఆవిడ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక వీధి దాటింది. ఇంకో వీధి దాటింది.

"మద్దెలే ఓడు," అన్నాడు చివరికి. "ఆడేదానిలో ఏ లోపమూ లేదు. ఆ ఓడు పెట్టిందీ నేనే."

ఆవిడ బండిని పరీక్ష మైదానంలోకి తిప్పింది.  ఇన్‌స్పెక్టరు రెండో గేరు వేయమంటే వేసింది, వెనక్కి పొమ్మంటే పోయింది, ఎత్తు మీద ఆపమంటే ఆపింది. ఆయన కాగితం మీద సంతకం పెడుతూ, "బాగా ప్రాక్టీసు చేసినట్టున్నారే!" అన్నాడు. టైలరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఇల్లు చేరాక ఆవిడ స్కూలు మూటలు తెచ్చి డిక్కీలో సర్దుతోంది. ఆపరేటరుగారు ఉండబట్టలేక కారు కిందికి వంగి చూశాడు. తర్వాత గోడకు ఆనించిన గొట్టం అందుకున్నాడు.

"ఆ బోల్టు దగ్గర రవ్వంత తడి ఉన్నట్టుందే. నిన్న పొర్లిందేమో అనుకో. అయినా ఒక్క పట్టు పడతా…"

"తడుంటే గుడ్డతో తుడవండి. ఆ గొట్టం మాత్రం తీసుకెళ్లి కర్టెన్‌కు పెట్టేయండి."

"గట్టిగా ఉంటుందనే."

"వద్దండీ." ఆవిడ డిక్కీ మూసి, తాళంచెవి తన జేబులో వేసుకుంది. "మళ్లీ విప్పాల్సింది నేను."

ఆపరేటరుగారు గొట్టాన్ని కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నేల మీద పడున్న కర్టెన్ తీసి, దుమ్ము దులిపి, గొట్టానికి ఎక్కించడం మొదలుపెట్టాడు.